మోటారు రేసు వారాంతం: ప్రాక్టీస్ నుంచి క్వాలిఫైయింగ్ వరకు

1. పరిచయం

2023 ఫిబ్రవరి 11, శనివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరిగింది. విద్యుత్తుతో నడిచే ఈ కార్ల పోటీ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఎన్.టి.ఆర్. మార్గ్, లుంబినీ పార్కు, సచివాలయం పరిసరాల్లో రోజూ ఆటోలు, బస్సులు తిరిగే రోడ్లకే కాంక్రీటు గోడలు, ఇనుప వలలు బిగించి సుమారు 2.83 కిలోమీటర్ల చుట్టును తయారు చేశారు. దానిలో 18 మలుపులు ఉన్నాయి.

టీవీలో చూసినవారికి కనిపించింది మధ్యాహ్నం జరిగిన రేసు మాత్రమే. అయితే రేసు మొదలయ్యేసరికే 22 కార్లలో ఏది ముందు నిలబడాలి, ఏది చివర నిలబడాలి అన్నది తేలిపోయి ఉంది. అది ఎలా తేలుతుందో, అంతకుముందు జరిగే ప్రాక్టీసు దేనికి పనికివస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. పాఠం చదివాక ప్రాక్టీసు పట్టికలోని అంకెలకూ క్వాలిఫైయింగ్ పట్టికలోని అంకెలకూ ఉన్న తేడాను మీరు సొంత మాటల్లో వివరించగలగాలి.

2. పరిచితమైన పోలిక

నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల విద్యార్థులు రేసు ట్రాకును దగ్గరగా చూసి ఉండరు. శాశ్వతమైన ట్రాకు కావాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై దాకా వెళ్లాలి. కాని గుడివాడలోనో దివిసీమలోనో పండగ రోజుల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారు చాలామంది ఉంటారు. అక్కడ అన్ని జతలూ ఒకేసారి దిగవు. ఒక్కో జత విడిగా వచ్చి, అదే బండను, అదే బరిలో, నిర్ణయించిన సమయంలో ఎంత దూరం లాగిందో కొలుస్తారు. ఎదుటి జత కళ్ల ముందు ఉండదు. పోటీ అంతా కొలతతోనే.

క్వాలిఫైయింగ్ కూడా ఇలాంటిదే, కాకపోతే లెక్క తిరగబడుతుంది. బండలాగుడులో కాలం స్థిరం, దూరం మారుతుంది. క్వాలిఫైయింగ్‌లో దూరం స్థిరం, అంటే ట్రాకు చుట్టూ ఒక్క ల్యాపు, మారేది కాలం. ఆదివారమో శనివారమో జరిగే అసలు రేసు మాత్రం వేరు. అందులో అందరూ ఒకేసారి బరిలో ఉంటారు.

ఈ పోలికను ఇంతకన్నా లాగకూడదు. బండలాగుడులో విడిగా కొలిచిన ఫలితమే తుది ఫలితం. మోటారు రేసులో ఆ కొలత బయలుదేరే స్థానాన్ని మాత్రమే ఇస్తుంది.

3. ప్రాక్టీసు: సమాచారం కొనుక్కునే సమయం

ఫార్ములా వన్‌లో మామూలు వారాంతానికి గంట చొప్పున మూడు ప్రాక్టీసులు ఉంటాయి: శుక్రవారం రెండు, శనివారం ఒకటి. క్వాలిఫైయింగ్ శనివారం, రేసు ఆదివారం. ఫార్ములా ఇ లో ఇంత తీరిక ఉండదు. నగరం నడిబొడ్డున రోడ్లను ఎక్కువ రోజులు మూసి ఉంచలేరు కదా! హైదరాబాద్‌లో శుక్రవారం ఒక ప్రాక్టీసు, శనివారం ఉదయం రెండోది, ఆ వెంటనే క్వాలిఫైయింగ్, మధ్యాహ్నం మూడు గంటలకు రేసు పెట్టారు. ఒక్కో ప్రాక్టీసు నిడివి అరగంట.

అరగంటలో ఏం చేస్తారు? మొదట రోడ్డును తెలుసుకోవాలి. జట్లు తమ కార్యాలయాల్లోని సిమ్యులేటర్ల మీద ఈ ట్రాకును ముందే నడిపి చూసుకుంటాయి. కాని రోడ్డు మీద ఎక్కడ గతుకు ఉంది, ఎక్కడ వాలు ఉంది, మలుపు దగ్గర బ్రేకు ఎన్ని మీటర్ల ముందు తొక్కాలి అన్నవి చక్రాలు నేల మీద తిరిగితేనే ఖాయంగా తెలుస్తాయి. హైదరాబాద్ ట్రాకు అందరికీ కొత్తది. పాత సంవత్సరాల లెక్కలు ఎవరి దగ్గరా లేవు.

రెండోది పట్టు. వరి కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట బైకు నడిపినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. టైరుకూ తారుకూ మధ్య గింజో పొట్టో ధూళో చేరితే బండి మన మాట వినదు. రోజూ వాహనాలు తిరిగే రోడ్డు మీద దుమ్ము, నూనె మరకలు ఉంటాయి. రేసు కార్లు తిరిగేకొద్దీ అవి నడిచే దారి మీది దుమ్ము చెదిరిపోయి, టైర్ల రబ్బరు పొరలా అంటుకుంటుంది. దాంతో పట్టు పెరుగుతుంది, ల్యాపు సమయం తగ్గుతుంది. ఆ దారికి ఒక గజం పక్కకు జరిగితే పాత దుమ్మే. అందుకే శుక్రవారం నమోదైన సమయాన్ని శనివారం సమయంతో నేరుగా పోల్చకూడదు. డ్రైవరు మారలేదు, కారు మారలేదు, నేల మారింది.

మూడోది ఫార్ములా ఇ కి ప్రత్యేకమైనది: శక్తి లెక్క. ఈ కార్లలో బ్రేకు వేసినప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి బ్యాటరీలోకి విద్యుత్తును తిరిగి పంపుతాయి. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి వచ్చేదేనని నిర్వాహకులు చెబుతారు. 2023లో ప్రవేశపెట్టిన మూడో తరం కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. అక్కడ వేగాన్ని తగ్గించేది మోటారే. కాబట్టి ఏ మలుపు దగ్గర ఎంత శక్తి వెనక్కి వస్తుంది, ల్యాపుకు ఎంత ఖర్చవుతుంది అన్నది ప్రాక్టీసులో కొలుచుకోకపోతే రేసు చివరి ల్యాపుల్లో కారు చప్పబడిపోతుంది.

ఇక్కడ పత్రికలు చదివే విద్యార్థులకు ఒక మాట. ప్రాక్టీసు అయిన మర్నాడు ‘ఫలానా డ్రైవరు అగ్రస్థానం’ అని వార్త వస్తుంది. నా దృష్టిలో ఇది పాఠకుణ్ని తప్పుదారి పట్టించే అలవాటు. ఒక జట్టు పూర్తి శక్తితో ఒక్క వేగవంతమైన ల్యాపు కోసం ప్రయత్నించి ఉండవచ్చు. పక్క జట్టు రేసులో వాడే తక్కువ శక్తితో వరసగా పది ల్యాపులు తిప్పి ఉండవచ్చు. ఇద్దరి సమయాలూ ఒకే పట్టికలో కనిపిస్తాయి గాని, వారు రాసిన పరీక్షలు వేరు.

ప్రాక్టీసులో ప్రమాదం లేదనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌కు వచ్చేసరికి చాంపియన్‌షిప్‌లో ముందున్న జర్మన్ డ్రైవర్ పాస్కల్ వేర్లైన్ కారు శుక్రవారం ప్రాక్టీసులోనే గోడను బలంగా ఢీకొంది. వీధి ట్రాకు మీద గోడ రోడ్డును ఆనుకునే ఉంటుంది. శాశ్వత ట్రాకుల్లో ఉన్నట్టు పక్కన ఇసుక గాని ఖాళీ స్థలం గాని ఉండదు. ఒక కారు గోడకు తగిలితే ఎర్రజెండా ఊపి అందరినీ ఆపేస్తారు. అప్పుడు పోయేది ఆ ఒక్క జట్టు సమయం మాత్రమే కాదు. మిగతావారి అరగంటలోంచి కూడా నిమిషాలు జారిపోతాయి. మెకానిక్కులు కారును బాగు చేశారు, వేర్లైన్ మర్నాడు రేసులో నాలుగో స్థానంలో నిలిచాడు. టీవీ తెరమీద కనిపించని శ్రమ ఏదైనా ఉందంటే ఇలాంటి రాత్రుల్లోనే ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: శుక్రవారం కన్నా శనివారం అందరి ల్యాపు సమయాలూ తగ్గాయి. డ్రైవర్లందరూ ఒక్క రాత్రిలో మెరుగుపడ్డారని అనవచ్చా? మీ జవాబుకు కారణం చెప్పండి.

4. క్వాలిఫైయింగ్

వీధి ట్రాకు ఇరుకుగా ఉంటుంది. ముందున్న కారును దాటడం కష్టం. కాబట్టి బయలుదేరే స్థానానికి విలువ ఎక్కువ. అందరికన్నా ముందు నిలిచే స్థానాన్ని పోల్ పొజిషన్ అంటారు. ఫార్ములా ఇ లో దాన్ని సాధించినవారికి అదనంగా 3 పాయింట్లు కూడా ఇస్తారు. రేసు గెలిస్తే వచ్చేవి 25.

ఫార్ములా వన్ పద్ధతి వడపోత లాంటిది. 20 కార్లు ఉన్న సంవత్సరాల్లో మొదటి విడత 18 నిమిషాలు. అందులో వెనకబడిన 5 కార్లు ఆగిపోతాయి. రెండో విడత 15 నిమిషాలు, మరో 5 ఆగిపోతాయి. మిగిలిన 10 కార్లు 12 నిమిషాల చివరి విడతలో పోల్ కోసం పోటీపడతాయి. 2011 నుంచి 2013 వరకు మన దేశంలో జరిగిన మూడు గ్రాండ్ ప్రిల్లోనూ పోల్ సాధించినవాడు సెబాస్టియన్ వెటెల్. మూడింటినీ గెలిచిందీ అతడే.

ఫార్ములా ఇ 2022 నుంచి వేరే పద్ధతి తెచ్చింది. చాంపియన్‌షిప్ పట్టికలో బేసి స్థానాల్లో ఉన్నవారు ఒక గుంపు, సరి స్థానాల్లో ఉన్నవారు మరో గుంపు. హైదరాబాద్‌లో గుంపుకు 11 కార్లు. ఒక్కో గుంపులో వేగంగా తిరిగిన నలుగురు తరవాతి దశకు వెళ్తారు. ఆ ఎనిమిది మంది మధ్య క్వార్టర్ ఫైనల్, సెమీ ఫైనల్, ఫైనల్ ఇద్దరిద్దరుగా జరుగుతాయి. వీటినే డ్యుయల్స్ అంటారు. ఓడినవారు ఇంటికి పోరు గాని పోల్ ఆశ పోతుంది. గుంపు దశలో 300 కిలోవాట్ల శక్తి వాడనిస్తారు. డ్యుయల్స్‌లో 350 కిలోవాట్లు. మన పొలాల్లో తిరిగే 45 హార్స్‌పవర్ ట్రాక్టర్లు పది కలిపితే ఎంతో, 350 కిలోవాట్లు అంతకన్నా కొంచెం ఎక్కువ.

గుంపు దశలో డ్రైవరుకు అసలు చిక్కు ఎదుటివాడి వేగం కాదు, ఖాళీ రోడ్డు. లెక్క వేసి చూడండి. 2.83 కిలోమీటర్లలో 11 కార్లను సమాన దూరంలో నిలిపితే ఒక్కోదాని మధ్య సుమారు 257 మీటర్లు వస్తాయి. వినడానికి చాలానే ఉంది. కాని అన్నీ ఒకే వేగంతో తిరగవు. టైరు చల్లగా ఉంటే రోడ్డును పట్టదు కనుక డ్రైవరు ముందు నెమ్మదిగా తిరిగి టైర్లకు వేడి పుట్టించి, తరవాతి ల్యాపులో పూర్తి వేగం అందుకుంటాడు. ఒకరు వేడి పుట్టించుకుంటున్న సమయంలో వెనక మరొకరు పూర్తి వేగంతో వస్తే ఆ ల్యాపు పాడైనట్టే. ఎవరైనా దారి తప్పి పసుపు జెండా ఊపితే ఆ ప్రాంతంలో వేగం తగ్గించి తీరాలి. అప్పుడు కూడా ల్యాపు పోయినట్టే. అందుకని ఎప్పుడు బయలుదేరాలన్నది రేడియోలో చెప్పే ఇంజనీరు నిర్ణయం డ్రైవరు పాదంతో సమానంగా పనిచేస్తుంది. డ్యుయల్స్‌లో ఈ బాధ లేదు. ఇద్దరూ కొంత వ్యవధితో బయలుదేరతారు, ముందు రోడ్డు ఖాళీ. అక్కడ సాకులు చెప్పడానికి వీలుండదు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

ఇక తేడాలు ఎంత చిన్నవో గమనించండి. హైదరాబాద్ క్వాలిఫైయింగ్‌లో మంచి ల్యాపుకు పట్టిన సమయం సుమారు 73 సెకన్లు. అంటే సగటున సెకనుకు సుమారు 39 మీటర్లు, గంటకు దాదాపు 140 కిలోమీటర్లు. సెకనులో పదో వంతు తేడా అంటే దాదాపు 3.9 మీటర్లు, ఒక కారు పొడవుకన్నా తక్కువ. నూరో వంతు అంటే 39 సెంటీమీటర్లు, మూరెడు కూడా లేదు. 18 మలుపుల్లో ఏదో ఒకచోట బ్రేకు కాస్త ముందుగా తొక్కితే ఈ మూరెడు పోతుంది.

హైదరాబాద్ ఫైనల్లో న్యూజిలాండ్‌కు చెందిన మిచ్ ఎవాన్స్ జాగ్వార్ కారులో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-ఎరిక్ వెర్న్‌ను ఓడించి పోల్ అందుకున్నాడు. వెర్న్‌కు రెండో స్థానం. సెమీ ఫైనల్లో ఓడిన ఇద్దరికీ మూడు, నాలుగు. క్వార్టర్స్‌లో ఓడిన నలుగురికీ సమయాన్ని బట్టి అయిదు నుంచి ఎనిమిది. మిగతావారిలో పోల్ సాధించినవాడి గుంపుకు చెందినవారు బేసి స్థానాలు, రెండో గుంపువారు సరి స్థానాలు నింపుతారు.

5. గ్రిడ్ తేలాక

క్వాలిఫైయింగ్ పట్టిక వెలువడిన వెంటనే అదే తుది వరస అనుకోరాదు. కార్లను తనిఖీ చేస్తారు. నిబంధనకు విరుద్ధంగా ఏదైనా కనబడితే ల్యాపు సమయాన్ని కొట్టివేస్తారు. ముందే పడిన జరిమానా వల్ల కొందరు కొన్ని స్థానాలు వెనక్కి జరుగుతారు. ఇవన్నీ పోగా మిగిలిన వరసను గ్రిడ్ అంటారు.

మరి పోల్ విలువ ఎంత? ఆ మధ్యాహ్నం ఎవాన్స్ ముందు బయలుదేరాడు. రేసు సగానికి రాకముందే మూడో మలుపు దగ్గర అతడి జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారు వచ్చి అతడి కారును తాకింది. ఇద్దరి రేసూ అక్కడితో పోయింది. ముందుకు వచ్చిన వెర్న్ చివరి ల్యాపుల్లో వెనకనుంచి తరుముతున్న నిక్ కాసిడీని దాటనివ్వకుండా, తగ్గిపోతున్న బ్యాటరీని లెక్క చూసుకుంటూ గెలిచాడు. మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. ఒక్క ల్యాపు వేగంలో ఎవాన్స్‌ది పైచేయి. శక్తిని పొదుపుగా వాడి చివరిదాకా నిలబడటంలో వెర్న్‌ది. మొదటిది క్వాలిఫైయింగ్‌లో తేలింది. రెండోదానికి కావలసిన అంకెలు శుక్రవారం ప్రాక్టీసులో, ఎవరూ పట్టించుకోని నెమ్మది ల్యాపుల్లో పోగయ్యాయి.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జరగవలసిన రెండో రేసు రద్దయింది. కాబట్టి ఈ ట్రాకు మీద పోల్చి చూడటానికి మన దగ్గర ఉన్నది ఈ ఒక్క ఫార్ములా ఇ వారాంతమే.

అభ్యాసం

1. ఫార్ములా వన్‌లో మొదటి విడత అత్యుత్తమ సమయానికి 107 శాతం లోపల ల్యాపు పూర్తి చేయని కారుకు సాధారణంగా రేసులో అనుమతి ఉండదు. అత్యుత్తమ సమయం 80 సెకన్లయితే ఆ హద్దు ఎన్ని సెకన్లు?

2. మీ ఊరి ఎడ్ల పందేన్ని గాని, మీరు చూసిన మరో పోటీని గాని తీసుకుని, అందులో కాలం స్థిరమో దూరం స్థిరమో చెప్పండి. పోటీదారులు విడివిడిగా దిగితే వచ్చే లాభనష్టాలను పది వాక్యాల్లో రాయండి.