క్రొత్త మూత్రాశయము – గడియారపు అలవాటు

క్యాన్సరు వచ్చిన మూత్రాశయమును తొలగించినపుడు, కొందరికి చిన్నప్రేగునుండి 40 మొదలు 60 సెంటీమీటర్ల భాగమును తీసి, క్రొత్త సంచిగా కుట్టి అమర్చుదురు. నిండినదని అది పూర్వమువలె తెలుపదు, గడియారమే తెలుపవలెను. మొదట 2 గంటల కొకమారు, రాత్రియు అలారము పెట్టుకొని లేచి, కూర్చుండి, పొట్ట బిగించి మూత్రము విడువవలెను. సంచి సాగినకొలది వైద్యుడు వ్యవధిని 3, 4 గంటలకు పెంచును. మూత్రమును ఆపు కండరములను బిగించి వదలు వ్యాయామము నిత్యము చేయవలెను. పగటి తడి సాధారణముగ కొద్ది నెలలలో తగ్గును. రాత్రి తడికి ఏడాదియు పట్టవచ్చును, కొందరికి కొంత మిగులును. మూత్రములో జిగురు పడుట ప్రేగు స్వభావమే. భయపడి నీరు మానరాదు. మూత్రము నిలిచిపోయినను, జ్వరము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తడికన్న సిగ్గే ఇట్టివారిని ఎక్కువ క్రుంగదీయును. రచ్చబండకు రాక ఇంటనే కూర్చుందురు. సభ్యులారా! అట్టివారు సమావేశము నడుమ లేచినచో కారణ మడుగకుడు. పంచాయతీ కార్యాలయపు మరుగుదొడ్డికి తాళము వేయక, అందు నీరుండునట్లు చూడుడు.