స్వల్పవ్యయముతో హితాహారము

శరీరము స్థూలించుట సంపన్నుల యిండ్లకే పరిమితమైన బాధ యని పూర్వము తలచెడివారు. నేడట్లు కాదు. బెంగళూరు వంటి మహానగరమున కాయకష్టము తగ్గి, కూర్చుండి చేయు పనులు హెచ్చినవి. చవుకగా కడుపు నింపు తిండిలో తెల్లబియ్యము, మైదా, చక్కెర, నూనె అధికమైనవి. అందుచే ఆదాయము చాలని కుటుంబములలో సయితము అధికబరువు కాన్పించుచున్నది. బరువు తగ్గింతు మను డబ్బాల పొడులకు అప్పుచేసి వెల పెట్టువారు కొందరు. “లంఖణం పరమౌషధమ్” అని భోజనము మానువారు మరికొందరు. ఈ రెండును అనవసరమనియు, మన వంటింటి వస్తువులతోనే ఈ కార్యము సాధ్యమనియు తెలుపుటయే మా యుద్దేశము.

మొదట బరువు నిజముగా అధికమా యని తెలిసికొనవలెను. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని పొడవు యొక్క వర్గముచే భాగింపుడు. 1.55 మీటర్ల పొడవును, 60 కిలోల బరువును గల తల్లికి సుమారు 25 వచ్చును. మన దేశపు పెద్దలకు ఈ సంఖ్య 23 చేరినచో జాగ్రత్త వహింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఎదుగుచున్న బాలబాలికలకు ఈ హద్దు వర్తింపదు. వారికి వయస్సును బట్టి వేరు పట్టికలు గలవు.

శరీరము వ్యయము చేయు శక్తి కంటె ఆహారముచే వచ్చు శక్తి మించినపుడు, మిగిలినది కొవ్వుగా నిలువచేరును. పిండిపదార్థము గాని, మాంసకృత్తు గాని గ్రామునకు 4 కేలరీల నిచ్చును; నూనె 9 కేలరీల నిచ్చును. కప్పునకు రెండు చెంచాల చొప్పున దినమునకు మూడు కప్పుల తేనీటిలో చేరు చక్కెర ఇంచుమించు 30 గ్రాములు, అనగా 120 కేలరీలు. దినమునకు చక్కెర 25 గ్రాములకు లోపుగా నున్న మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఈ చక్కెరను సగము చేసినచో బరువునకును మేలు, కిరాణా ఖర్చునకును మేలు. బరువు తగ్గుటలో మొదటి మెట్టు కొనుట కాదు, కొనకుండుట.

ఇక ధాన్యము మాట. 1918లో కూనూరున చిన్న పరిశోధనగా ఆరంభమై, పిదప హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహారపదార్థముల పట్టికను ప్రకటించినది. దాని ప్రకారము 100 గ్రాముల రాగులలో సుమారు 320 కేలరీలు, 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియము గలవు. అంతే తూకపు తెల్లబియ్యమున సుమారు 356 కేలరీలు, 3 గ్రాములకు లోపుగా పీచు, 8 మిల్లీగ్రాములకు లోపుగా కాల్షియము మాత్రమే గలవు. ఇచట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. శక్తిలో భేదము స్వల్పమే. కావున రాగిముద్దను ఇష్టము వచ్చినంత తినిన బరువు తగ్గదు. రాగుల మేలు పీచులో నున్నది. పీచు ఆకలిని త్వరగా మరల రానీయదు. మితము పాటించుట సులభమగును. బెల్లము దండిగా వేసిన రాగిజావయు, రాగి బిస్కత్తులును ఈ మేలును పోగొట్టును.

కన్నడ కవి కనకదాసు రచించిన “రామధాన్య చరిత్రె”లో బియ్యమునకును రాగికిని అధికు లెవరను వివాదము పుట్టును. రాముడు రెంటిని ఆరు మాసములు చెరలో నుంచగా బియ్యము చెడిపోయెను, రాగి నిలిచెను. రాగులు చిరకాలము పురుగుపట్టక నిలుచుననుట రైతు లెరిగిన సత్యమే. పంట వచ్చినపుడు చవుకగా కొని నిలువ చేసికొనుట పేదకుటుంబమునకు లాభము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప అందమైన పొట్లములలో ఇవి విరివిగా అమ్ముడగుచున్నవి. కాని బస్తాలోని రాగులకును, పొట్లములోని రాగులకును గుణమున భేదము లేదు.

ముద్దకు తోడు ఏమనునది అంతకంటె ముఖ్యము. ఈ ప్రాంతపు బస్సారు మన తెలుగిండ్లకును పరిచితమే. పప్పును, ఆకుకూరను కలిపి ఉడికించి, ఆ నీటిని వంచి చారు పెట్టి, మిగిలిన దానిని పొరటుగా చేయుదురు. ఒక పొయ్యి మంటతో రెండు వంటకములు సిద్ధించును. ఉడికిన నీటిలో దిగిన విటమినులు పారబోతకు గురికావు. తోటకూర, మెంతికూర, మునగాకు, ఉలవలు, శీతకాలమున మాగడి ప్రాంతము నుండి వచ్చు అనపకాయలు, ఇవన్నియు ఖరీదైన పదార్థములకు ఏమాత్రము తీసిపోవు. తుదిలో నిమ్మరసము పిండినచో ఆకుకూరలోని ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో తేనీరు త్రాగినచో ఆ లాభము తగ్గును.

కూరగాయలను ఋతువు ననుసరించి కొనవలెను. వేయించిన వానికి బదులు వేయించిన సెనగలు, మైదా రొట్టెకు బదులు జొన్నరొట్టె, తీపి పానీయమునకు బదులు పలుచని మజ్జిగ తీసికొనవచ్చును. నూనెను సీసా నుండి వంచక చెంచాతో కొలిచి వేయుట అలవరచుకొనవలెను. పళ్లెములో సగభాగము కూర, పావు పప్పు, పావు అన్నమో ముద్దయో ఉండిన చాలును. దీనికి నిత్యము అరగంట నడక తోడైనచో పెద్దలు వారమునకు అరకిలో వరకు తగ్గుటకు వీలున్నది. అంతకంటె తొందర తగదు.

కడపట విద్యార్థులకు, ముఖ్యముగా బాలికలకు, ఒక హెచ్చరిక. తోటివారి పరిహాసమునకు వెరచి ఉదయభోజనము మానుట మిక్కిలి హానికరము. ఎముకలు గట్టిపడు వయస్సిది. రక్తము వృద్ధిచెందు వయస్సిది. మీరు తగ్గింపవలసినది చక్కెర, నూనె, బేకరీ తిండి, భోజనము కాదు. బరువును గురించి సందేహమున్న వైద్యుని అడుగుడు. తలిదండ్రులారా! పిల్లకు ఒక వంట, పెద్దలకు ఒక వంట అని వేరుచేయక, ఇంటిల్లిపాదికి ఒకే హితాహారము వండుడు. ఇల్లంతయు మారిననే పిల్ల మారును. అందులకు ధనము కంటె ఐకమత్యము ముఖ్యము.