ఇరవయ్యారు ఓట్ల నియోజకవర్గం

ఎటోబికో అనగానే టొరంటో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి గుర్తొచ్చేవి 427 హైవే, దాని దగ్గర్లో ఉన్న పాలరాతి స్వామినారాయణ మందిరం. కెనడా ఎన్నికల చట్టం చదివే వాళ్ళకి మాత్రం ఇంకొకటి గుర్తొస్తుంది: ఎటోబికో సెంటర్, 2011, ఇరవయ్యారు ఓట్లు.

ముందు ఊరి సంగతి. ఇంగ్లీషులో రాస్తే పేరు చివర ‘కె’ అక్షరం ఉంటుంది కానీ దాన్ని పలకరు. 1998లో టొరంటోలో కలిపేసేదాకా ఇది విడి నగరం. పార్లమెంటు నియోజకవర్గాన్ని ఇక్కడ ‘రైడింగ్’ అంటారు. ఎటోబికో పేరుతో అలాంటివి మూడున్నాయి: నార్త్, సెంటర్, లేక్‌షోర్. వీటిలో సెంటర్‌కి మొదటి ఎన్నిక 1979లో జరిగింది. ఉక్రెయిన్ మూలాలున్న కుటుంబాలు ఇక్కడ బాగా ఎక్కువ.

మొదటి ఎంపీ మైకేల్ విల్సన్, కన్సర్వేటివ్. మల్రోనీ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి. 1991 జనవరి 1న కెనడాలో జీఎస్‌టీ మొదలైంది ఈయన హయాంలోనే, అంటే ఇండియా కంటే 26 ఏళ్ళ ముందు. 1993లో లిబరల్ ఆలన్ రాక్ గెలిచి న్యాయశాఖ మంత్రి అయ్యారు. తుపాకుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది ఆయనే. 2004 నుంచి లిబరల్ బోరిస్ జెస్నెవ్‌స్కీ. 1980, 2006, 2008 వదిలేస్తే, ఇక్కడ ఏ పార్టీ గెలిస్తే ఒట్టావాలో ఆ పార్టీదే ప్రభుత్వం.

2011 మే 2న జెస్నెవ్‌స్కీ ఓడిపోయారు. కన్సర్వేటివ్ అభ్యర్థి టెడ్ ఒపిట్జ్ గెలిచారు. పోలైన ఓట్లు 52 వేల పైచిలుకు, తేడా 26. కెనడాలో తేడా మొత్తం ఓట్లలో వెయ్యో వంతు కంటే తక్కువైతే జడ్జి సమక్షంలో మళ్ళీ లెక్కపెట్టాలి. లెక్కపెట్టారు, ఇరవయ్యారే తేలింది. మన అనకాపల్లిలో 1989లో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో లోక్‌సభకి వెళ్ళారు. దానితో పోలిస్తే ఇది భారీ మెజారిటీయే!

జెస్నెవ్‌స్కీ కోర్టుకెళ్ళారు. దొంగ ఓట్లు పడ్డాయని కాదు, రికార్డులు సరిగ్గా లేవని. ఇక్కడ జాబితాలో పేరు లేకపోయినా పోలింగ్ రోజున గుర్తింపు చూపించి, రిజిస్ట్రేషన్ పత్రం మీద సంతకం పెట్టి ఓటేయొచ్చు. చిరునామా రుజువు లేకపోతే, అదే పోలింగ్ పరిధిలో ఉండే ఇంకో ఓటరు ప్రమాణం చేసి పూచీ పడొచ్చు. కొన్ని బూత్‌లలో ఆ పత్రాలు కనబడలేదు, కొన్నిటి మీద సంతకాల్లేవు, కొన్ని చోట్ల ఎవరు ఎవరికి పూచీ పడ్డారో రాయలేదు. ఒక్కరోజు పనికి కుదిరి, కాస్త శిక్షణతో పొద్దుటి నుంచి రాత్రిదాకా కూర్చునే సిబ్బంది వదిలేసిన ఖాళీలవి.

2012 మేలో ఒంటారియో జడ్జి థామస్ లెడరర్ ఇలాంటి 79 ఓట్లు చెల్లవన్నారు. రహస్య బ్యాలెట్ కాబట్టి ఆ 79 ఎవరికి పడ్డాయో తెలుసుకునే దారి లేదు. అందుకని కోర్టు చూసేది ఒకటే లెక్క: చెల్లని ఓట్లు మెజారిటీని మించాయా? 26 కంటే 79 ఎక్కువ. ఎన్నిక రద్దు.

ఒపిట్జ్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అక్టోబర్ 25న తీర్పు వచ్చింది, 4-3తో. కాగితం నింపకపోవడం గుమాస్తా తప్పు, ఓటరుకి హక్కు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న అన్నారు నలుగురు. 59 ఓట్లు తిరిగి లెక్కలోకి వచ్చాయి. మిగిలినవి 20, ఇరవయ్యారుకి తక్కువే. ఒపిట్జ్ ఎంపీగా నిలిచారు. ప్రధాన న్యాయమూర్తి మెక్లాక్లిన్‌తో సహా ముగ్గురు ఒప్పుకోలేదు. హక్కు ఉందని తేల్చడానికే ఆ పద్ధతి పెట్టారు, దాన్ని పాటించకపోతే హక్కు ఉన్నట్టు ఎలా తెలుస్తుందన్నది వాళ్ళ వాదన.

నాకు రెండు వాదనలూ సబబుగానే అనిపిస్తాయి. కానీ ఒకటి గమనించాలి. ఈ గొడవంతా ఎవరి ఓట్ల గురించి? ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి, జాబితాలో పేరున్న వాళ్ళవి దాదాపు కావు. అద్దె ఇల్లు మారిన వాళ్ళు, విద్యార్థులు, కొత్తగా పౌరసత్వం తీసుకున్న వాళ్ళు, అంటే మనలాంటి వాళ్ళే ఆ పత్రాల అవసరం పడేది. గుమాస్తా సంతకం మర్చిపోతే పోయేది గుమాస్తా ఓటు కాదు.

2013లో ఎన్నికల సంఘం కోసం హ్యారీ న్యూఫెల్డ్ ఇచ్చిన నివేదిక ఇది ఒక్క ఎటోబికో సమస్య కాదని చూపించింది. 2011లో దేశమంతటా పూచీ పడిన సందర్భాల్లో నూటికి 42 చోట్ల తీవ్రమైన తప్పులున్నాయట. మరుసటి ఏడాది హార్పర్ ప్రభుత్వం ఆ పద్ధతిని చాలావరకు తీసేసింది. నేను చెప్పింది అది కాదని న్యూఫెల్డే అభ్యంతరం చెప్పారు. తప్పు రాతలో ఉంటే, కత్తెర ఓటరు మీద పడింది. 2018 చట్టం పూచీని మళ్ళీ తెచ్చింది.

2015లో జెస్నెవ్‌స్కీ, ఒపిట్జ్ మళ్ళీ తలపడ్డారు. ఈసారి జెస్నెవ్‌స్కీ గెలిచారు, కోర్టు అవసరం లేకుండా. 2019 నుంచి ఇక్కడ ఎంపీ లిబరల్ పార్టీకే చెందిన ఇవాన్ బేకర్.

కెనడాలో వేలికి సిరా ఉండదు. మనం ఓటేశామనడానికి మిగిలేది ఆ పుస్తకంలో ఒక గీత, ఒక కాగితం. ఇల్లు మారితే ఎన్నికల సంఘానికి కొత్త చిరునామా ముందే చెప్పండి. పోలింగ్ రోజునే నమోదు చేసుకోవాల్సి వస్తే, వెనక లైను ఎంత ఉన్నా సరే, పత్రం నింపి, సంతకాలన్నీ పడ్డాయో లేదో చూసుకుని గానీ కదలకండి.