ఇంటిలోని కంప్యూటరుకు ఇంటి నంబరు

మా ఇల్లు చాంద్రాయణగుట్ట చౌరస్తాకు దగ్గరలోనే ఉంది. ఊరి నుండి బంధువులు వచ్చినప్పుడల్లా ఫ్లైఓవరు ఎక్కవద్దనీ, కిందనుండే రావాలనీ, ఫలానా గల్లీలో తిరగాలనీ చెప్పి, చివరకు ఇంటి నంబరు కూడా చెబితే గాని వారు చేరుకోలేరు. కంప్యూటరుకు కూడా ఇటువంటి నంబరు ఉంటుందని విన్నాము గాని, దానిని చూసుకోవలసిన అవసరము మాకెన్నడూ కలుగలేదు. గత వేసవిలో కలిగింది.

ఒక మధ్యాహ్నము ఫోను మ్రోగింది. ఇంటర్నెట్టు ఆఫీసు నుండి మాట్లాడుచున్నానని ఒకతడు చెప్పాడు. "మీ కంప్యూటరులో దొంగలు చొరబడ్డారు. నమ్మకపోతే మీరే చూడండి" అన్నాడు. అతడు చెప్పిన అక్షరాలు మా అమ్మాయి కొట్టింది. "192.168తో మొదలయ్యే నంబరు కనబడుతోందా? అదే దొంగల గుర్తు" అన్నాడు. నిజముగానే 192.168.1.3 అని కనబడింది! మా గుండెలు జల్లుమన్నాయి. ఒక యాప్ పెట్టుకొని వెంటనే బ్యాంకు ఖాతా తెరవమన్నాడు. అమ్మాయి కాలేజీ ఫీజు డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది.

అంతలో మా అత్తమ్మ, "ముందు ఆ ఫోను పెట్టెయ్యండి. పక్కింట్లో అడిగి రండి" అన్నది. పక్కింటి ఖాలా కొడుకు తన కంప్యూటరులో అవే అక్షరాలు కొట్టి చూపించాడు. అక్కడ కూడా 192.168.1.3! వారి కనెక్షను వేరు, మా కనెక్షను వేరు. "ఒక్క దొంగ రెండిండ్లల్ల ఒకటే నంబరుతోని ఎట్ల దూరిండు?" అని అత్తమ్మ అడిగింది. ఆ ప్రశ్నతో మా భయము తీరిపోయింది.

ప్రియ పాఠకులారా, ఆ నంబరు దొంగ గుర్తు కాదు. దానిని ఐపీ అడ్రసు అంటారు. ఇందులో నాలుగు అంకెల గుంపులుంటాయి. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చును. 1981లో ఈ పద్ధతి నిర్ణయమైనప్పుడు మొత్తము సుమారు 429 కోట్ల నంబర్లకు వీలు కలిగింది. అయితే లోకమంతా కంప్యూటర్లు, ఫోనులు పెరిగేసరికి అవి చాలవని తేలింది. గనుక కొన్ని నంబర్లను ఇంటి లోపలి వాడకానికే ప్రత్యేకించారు. 1996లో ఖరారైన నియమము ప్రకారము 10తోను, 192.168తోను మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు ఉండేవి ఎవరి ఇంట్లోనైనా వాడుకోవచ్చును.

ప్రతి ఇంటిలోను వంటగది ఉంటుంది. అన్ని ఇండ్లలోను దాని పేరు వంటగదే. అయినా ఉత్తరాలు తారుమారు కావు. పోస్టుమాన్‌కు వీధి తలుపు మీది నంబరు చాలును. అలాగే బయటి లోకానికి తెలిసే నంబరు వేరు. దానిని ఇంటర్నెట్టు కంపెనీ ఇస్తుంది. లోపల ఏ పరికరానికి ఏ నంబరో పంచి ఇచ్చేది వైఫై డబ్బా, అనగా రౌటరు.

మీ నంబరు మీరే చూసుకొనవచ్చును. విండోస్ కంప్యూటరులో కిటికీ బొమ్మ ఉన్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కండి. వచ్చిన గడిలో సి, ఎం, డి అని కొట్టి ఎంటరు నొక్కండి. నల్లని తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో ఉన్నది మీ కంప్యూటరు నంబరు. డిఫాల్ట్ గేట్‌వే అన్నది రౌటరు నంబరు. ఫోనులోనైతే సెట్టింగులలో వైఫై తెరచి, కలిసియున్న వైఫై పేరు నొక్కితే వివరాలలో సాధారణముగా కనబడుతుంది.

ఈ నంబరుతో మేలు కూడా ఉన్నది. ప్రింటరు పలుకకపోతే దాని నంబరును కంప్యూటరు నంబరుతో పోల్చి చూడండి. మామూలు ఇండ్లలో మొదటి మూడు గుంపులు ఒకటిగానే ఉంటాయి. కంప్యూటరుకు 169.254తో నంబరు వచ్చినట్లయితే రౌటరు నుండి దానికి నంబరు అందలేదని అర్థము. వైరు సరిచూసి, డబ్బాను ఒకసారి ఆపి వేయండి. కరెంటు పోయి వచ్చిన తరువాత నంబరు మారినా కంగారు పడనక్కరలేదు. రౌటరు మళ్ళీ పంచిపెట్టినప్పుడు అలా జరుగవచ్చును.

ఎవరైనా ఫోను చేసి నంబరు చూపించి భయపెడితే మాట పొడిగించక పెట్టేయండి. వారు చెప్పిన యాప్ పెట్టుకోవద్దు, ఓటీపీ చెప్పవద్దు. ఒకవేళ డబ్బు పోయినట్లయితే సిగ్గుపడి దాచుకోక వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశము అంత ఎక్కువ.

పట్నములో చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మానాన్నలకు, తాతయ్య నాయనమ్మలకు ఈ నంబరు ఒకసారి చూపించవలెనని మా మనవి. మా ఇంట్లో అత్తమ్మ దానిని తన పంచాంగము క్యాలెండరు వెనుక వ్రాయించుకున్నది. "మళ్ళ ఎవడన్న ఫోన్ చేస్తే నేనే చదివి చెప్త" అంటున్నది.