ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్): పాల పరీక్ష, ఉచిత టీకా – పాడి రైతులకు వివరాలు

చూడి ఆవో గేదో అయిదో నెల దాటాక ఈసుకుపోతే "దిష్టి తగిలింది", "పక్కదాంతో పొడుచుకుంది" అని ఊరుకుంటాం. బ్రూసెల్లా అనే క్రిమి కూడా దానికి కారణం కావచ్చు. ఇది మనుషులకూ సోకుతుంది. పశువు పైకి బాగానే కనిపిస్తున్నా పాలలో క్రిమి వస్తూ ఉండొచ్చు.

పథకం ఏమిటి?
జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 2019లో మొదలైంది. దీని కింద గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాలు ఉచితంగా వేస్తారు.

బ్రూసెల్లోసిస్ టీకా ఎవరికి?
• 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్య దూడలకు మాత్రమే.
• జీవితంలో ఒక్కసారి చాలు.
• మగ దూడలకు, చూడి పశువులకు వేయరు.
• చెవికి 12 అంకెల పోగు వేసి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు.
వయసు దాటితే అవకాశం పోయినట్టే. దూడ పుట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

పాల పరీక్ష ఎలా చేస్తారు?
ఆవు పాలు కొద్దిగా చిన్న గాజు గొట్టంలో పోసి, రంగు కలిపిన మందు ఒక చుక్క వేస్తారు. గంటసేపు వెచ్చగా ఉంచుతారు. పైన మీగడ దగ్గర నీలం వలయం కట్టి, కింద పాలు తెల్లగా ఉంటే అనుమానించాలి. పాలన్నీ ఒకేలా లేత నీలంగా ఉండి, మీగడ తెల్లగా ఉంటే ఫర్వాలేదు. ఊరి పాలు కలిసిన క్యాన్ నుంచి కూడా ఈ పరీక్ష చేయొచ్చు. అప్పుడే ఈనిన ఆవు, పొదుగువాపు ఉన్న ఆవు పాలలో తప్పుగా వలయం రావొచ్చు. అందుకే రక్త పరీక్ష చేశాకే రోగం ఉందని ఖాయం చేస్తారు.

ఉందని తేలితే?
ఈ రోగానికి పశువుల్లో నమ్మకమైన వైద్యం లేదు. ఆ పశువును వేరుగా కట్టేయండి. డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి. నష్టం తప్పించుకుందామని సంతలో అమ్మితే రోగం ఇంకో రైతు కొట్టంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి తిరిగి మన ఊరికే రావొచ్చు.

ఇంట్లో వాళ్లు జాగ్రత్త
• పాలు పొంగేదాకా కాచి తాగండి. పచ్చి పాలు పిల్లలకు పట్టొద్దు.
• ఈసుకుపోయిన పిండాన్ని, మావిని ఉత్త చేతులతో తాకొద్దు. గ్లౌజులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలకు వేయొద్దు.
• గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.
• జ్వరం వస్తూ పోతూ, చెమటలు, కీళ్ల నొప్పులు వదలకపోతే ఆసుపత్రిలో "మాకు పశువులున్నాయి, ఒకటి ఈసుకుపోయింది" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరుకు సరైన పరీక్ష తడుతుంది. మనుషుల్లో మందులతో తగ్గుతుంది. కోర్సు మధ్యలో ఆపొద్దు.

ఎవరిని అడగాలి?
దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి, లేదా 1962కు ఫోన్ చేయండి. టీకాకు డబ్బు ఇవ్వనక్కర్లేదు.