మీకు తెలుసా? హార్డ్ డిస్క్ కొనేముందు బ్రాండ్ ఒక్కటే చూస్తే చాలదు!

• నేడు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద కంపెనీలు మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. శాంసంగ్ హార్డ్ డిస్క్ వ్యాపారాన్ని 2011లో సీగేట్ కొనేసింది. హిటాచీ హార్డ్ డిస్క్ విభాగం 2012లో వెస్టర్న్ డిజిటల్ చేతికి వచ్చింది.

• అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ సంస్థ తన డేటా సెంటర్లలో ఏ డిస్కులు ఎన్ని పాడవుతున్నాయో 2013 నుంచి లెక్క కడుతోంది. ఆ లెక్కలు అందరూ చూడొచ్చు. 2023లో సగటున నూటికి 1.4 డిస్కులు పాడయ్యాయి. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా చాలా తేడా కనిపించింది. అందుకే మోడల్ నంబరు చూసి ఎంచుకోవాలి.

• వారంటీ కాలం మోడల్‌ను బట్టి మారుతుంది. డేటా సెంటర్ల కోసం చేసిన డిస్కులకు సాధారణంగా ఐదేళ్లు ఇస్తారు. ఇళ్లలో వాడేవాటికి తక్కువ. పాడైన డిస్కుకు బదులుగా బాగుచేసిన పాతది ఇవ్వవచ్చు. విదేశంలో కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

• వారంటీ డిస్కుకు మాత్రమే. పోయిన ఫొటోలు, ఫైళ్లు దాని కిందకు రావు. ముఖ్యమైనవాటికి ఇంకో కాపీ ఈరోజే వేరే చోట దాచుకోండి.