చుక్క ముట్టనోళ్లకూ లివర్ జబ్బు!

ఫలానా ఆయనకు లివర్ చెడిపోయిందట అంటే మన ఊళ్లలో వచ్చే మొదటి మాట ఒక్కటే.. 'బాగా తాగేటోడా?' దోహాలో ఉన్న మనవాళ్ల దగ్గరా అంతే. ఈ మాట పడలేక రిపోర్టును పెట్టె అడుగున దాచేసేవాళ్లున్నారు.

అల్ ముంతజాలో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం మేం ఆరుగురం. నలుగురం సైటు సూపర్‌వైజర్లం, ఇద్దరు డ్రైవర్లు. మాలో జగిత్యాల వైపు అన్న ఒకాయన ఉన్నారు. ఏటా అయ్యప్ప మాల వేసే మనిషి. సిగరెట్ కూడా ముట్టరు. కడుపు ఉబ్బరంగా ఉందని నిరుడు స్కానింగ్ తీయించుకుంటే 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2' అని వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే వదిన ఒకటే ఏడుపు. "అక్కడికి పోయి తాగుడు నేర్చినవా?" అని. జబ్బు కన్నా ఆ మాటే ఆయన్ని కుంగదీసింది. మేం ఒక్కొక్కరం ఫోన్ అందుకుని చెబితే గానీ ఆమె నమ్మలేదు.

మరి తాగకుండా ఎలా వచ్చింది? హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు చేరినట్టు తేలింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన లెక్క ఇది. 'వాళ్లవి కుర్చీ ఉద్యోగాలు, మనం ఎండలో తిరిగేవాళ్లం కదా' అనుకోవద్దు. మేం మా రూమ్‌లోనే లెక్క తీశాం. ఒక్కొక్కరం రోజుకు ఆరు కరక్ చాయ్‌లు తాగుతున్నాం. కప్పుకు రెండు చెంచాల చక్కెర వేసుకున్నా పన్నెండు చెంచాలు, అంటే 50 గ్రాముల పైమాటే. ఎండలోంచి రాగానే తాగే కూల్‌డ్రింక్ టిన్నులో ఇంకో 35 గ్రాములు. చక్కెర 25 గ్రాముల లోపుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్యాస్ కూల్‌డ్రింక్‌ల మీద ఖతార్ ప్రభుత్వం 2019లో 50 శాతం పన్ను వేసినా మన సైట్లలో అమ్మకం తగ్గినట్టు కనబడదు! దానికి తోడు రాత్రి పదింటికి కంచం నిండా తెల్లన్నం, తినగానే పడక.

ఒంటికి ఖర్చు కాని చక్కెరను లివర్ కొవ్వుగా మార్చి తనలోనే పెట్టుకుంటుంది. ఏళ్లు గడిస్తే కొందరిలో వాపు వస్తుంది, తర్వాత మచ్చలు పడతాయి, చివరికి గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది. అంతవరకూ నొప్పి ఉండకపోవచ్చు. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనీ లేదు. కాళ్లు చేతులు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనబోటి వాళ్లకూ ముప్పే. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. 2023లో అంతర్జాతీయ లివర్ వైద్య సంఘాలు ఈ జబ్బు పేరులోంచి 'ఆల్కహాల్' మాటే తీసేశాయి. ఆ కబురు మన ఊళ్లకు ఇంకా చేరినట్టు లేదు.

రెండో కారణం హెపటైటిస్-బి, సి వైరస్‌లు. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, లైంగికంగా సోకుతాయి. క్యాంపుల్లో ఒకే రేజర్‌తో నలుగురు గీసుకోవడం ప్రమాదం అందుకే. అంతేగానీ ఒకే కంచంలో తిన్నా, పక్క మంచంలో పడుకున్నా అంటుకోవు. ఆ మనిషి గ్లాసు వేరుగా పెట్టడం అన్యాయం. 'సి'కి మూడు నెలల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతోంది. 'బి' పూర్తిగా పోవడం అరుదే గానీ రోజూ మాత్రతో అదుపులో ఉంటుంది. అవసరమైనవాళ్లకే ఆ మాత్ర రాస్తారు. రాశాక సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. సెలవుకు పోయేటప్పుడు సరిపడా మాత్రలు, చీటీ సంచిలో ఉండాలి.

ఇక మందులు. ఒళ్లు నొప్పులని పనడాల్, జలుబుకని ఇంకో గోలీ వేసుకుంటాం. రెండింటిలోనూ ఉండేది పారాసిటమాలే కావచ్చు. రోజుకు నాలుగు గ్రాములు దాటితే లివర్‌కు దెబ్బ. ఊరి నుంచి తెప్పించుకునే పసరు మందులూ అంతే. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు.

మా అన్న సంగతికొస్తే, ఆయనకు డాక్టర్ మందు రాయలేదు, బరువు తగ్గమన్నారు. పదో వంతు బరువు తగ్గితే వాపు, మచ్చలు కూడా తగ్గే అవకాశం ఉందట. ఇప్పుడు చాయ్ రెండు కప్పులే, అదీ చక్కెర లేకుండా. ఎండలో నీళ్లు, చక్కెర వేయని లబన్. రాత్రి ఎనిమిదింటికే రెండు రొట్టెలు, పప్పు. ఎండ దిగాక ముంతజా పార్కు చుట్టూ నడక. మేమూ ఆయనతో వెళుతున్నాం, ఒక్కడే నడవాలంటే విసుగని. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఉన్న జబ్బుకు తాగుడు తోడైతే రెండింతల నష్టం కాబట్టి తాగేవాళ్లు మానాల్సిందే, అది వేరే చెప్పక్కర్లేదు.

వీసా మెడికల్‌లో హెపటైటిస్ చూస్తారు గానీ, లివర్‌లో కొవ్వు కోసం స్కానింగ్ తీయరు. కాబట్టి 'మెడికల్ పాసయ్యాం' అని ధీమాగా ఉండొద్దు. హమద్ కార్డు ఉన్నవాళ్లు హెల్త్ సెంటర్‌లో డాక్టర్‌ను ఎస్‌జీపీటీ పరీక్ష గురించి అడగండి. అవసరమైతే స్కానింగ్‌కు వాళ్లే పంపుతారు.

ముప్ఫైలు దాటిన మనలో చాలామందికి చిన్నప్పుడు హెపటైటిస్-బి టీకా పడలేదు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకా తెచ్చాకే దాని ధర సామాన్యుడికి అందింది. పిల్లలందరికీ ప్రభుత్వ టీకాగా దేశమంతా రావడానికి 2011 అయింది. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు పరీక్ష చేయించుకోండి. లేదని తేలితే దిగిన వారంలోనే మొదటి డోసు, నెలకు రెండోది. ఆరో నెలలో పడే మూడోది ఇక్కడికొచ్చాక వేయించుకోవచ్చు. ఉందని తేలితే భార్యకు, పిల్లలకూ పరీక్ష చేయించి, వాళ్లకు టీకా వేయించాకే విమానం ఎక్కండి.